ఎడమచేతి హరిదాసు

ఒరేయ్ శీనూ,

"కంప్యూటరే గీసేస్తుంది కదా, ఒక్క బొమ్మకి మూడు వారాలేంట్రా" అని ఫోన్‌లో నవ్వావు చూడు, అది మనసులో పెట్టుకుని ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. కాఫీ పెట్టుకుని చదువు.

మొదలుపెట్టింది మాత్రం పాత నోటుబుక్కు వెనకాల, హెచ్‌బీ పెన్సిల్‌తోనే. ధనుర్మాసంలో మన వీధిలోకి వచ్చే హరిదాసు గుర్తున్నాడుగా, తల మీద అక్షయపాత్ర, ఒక చేతిలో తంబూర, ఇంకో చేతిలో చిడతలు, కాళ్లకి గజ్జెలు. ముఖం మొదటిసారే కుదిరింది గానీ మనిషి నిలబడటమే కుదర్లేదు. నెత్తిన బరువున్నవాడిలా కాకుండా టోపీ పెట్టుకున్నవాడిలా వచ్చాడు. చివరికి నేనే నీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డా (మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను). మెడ బిగుసుకుపోతుంది, కళ్లు మాత్రమే కిందకి వాలతాయి. అంతే, ఆ రెండూ మార్చేసరికి మనిషి వచ్చేశాడు.

ఫోన్‌తో ఫొటో తీస్తే కాళ్ల వైపు సన్నబడిపోయింది, అందుకని స్కానర్ మీద 600 డీపీఐలో (అంటే అంగుళానికి 600 చుక్కలు) తీశా. తర్వాత క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో (ఉచితమే, మీ అమ్మాయికి చెప్పు) ఏ3 సైజు కాన్వాస్, 300 డీపీఐ, అంటే 3508 బై 4961 పిక్సెళ్లు. స్కెచ్ ఉన్న పొరని (లేయర్ అంటారు) మల్టిప్లై అనే పద్ధతిలో పెడితే కాగితం తెలుపు మాయమైపోయి గీతలు మాత్రం మిగులుతాయి, కింద వేసిన రంగు కనబడుతుంది. దాని మీద శుభ్రంగా ఇంకు గీతలు గీశా, రెండు రాత్రులు పట్టింది, తీరా చూస్తే ఇనప తీగ వంచి అతికించినట్టుంది బొమ్మ! పెన్సిల్‌లో ఉన్న ప్రాణం ఎటు పోయిందో. ముఖం, చేతుల దగ్గర ఇంకు మొత్తం చెరిపేసి ఆ బరబరా పెన్సిల్ గీతలనే ఉంచేశా. నువ్వు దగ్గరగా చూస్తే రబ్బరు మరకలు కూడా కనబడతాయి.

రంగుల్లో నాకు బాగా నచ్చింది రాగి పాత్ర. రాగి రంగంటూ ఒకటి ఉండదురా. కాస్త నారింజ, కాస్త ముదురు గోధుమ, అంచున దాదాపు నలుపు, ఆ నలుపు పక్కనే మీగడ రంగు చుక్క ఒకటి పెడితే తళుక్కుమంటుంది. ఆ చుక్క ఒక్కటి తీసేస్తే మట్టికుండే.

ఇక ప్రింటు. స్క్రీన్‌కి వెనక నుంచి వెలుగుంటుంది, కాగితానికి ఎక్కడిది? ప్రింటులో ఉన్నవి నాలుగు సిరాలే, నెమలికంఠం రంగు ఉత్తరీయం కాస్తా మొదటి నమూనాలో నానబెట్టిన జీన్స్ ప్యాంటులా వచ్చింది. నీలాన్ని పెంచుతూ కూర్చునే బదులు దాని చుట్టూ ఉన్నవాటిని కాస్త పసుపు వైపు జరిపా, అప్పుడు అదే నీలం లేచి కనబడింది. మొత్తం బొమ్మని కొంచెం తేటపరిచా, అంచుల్లో కోతకి 3 మిల్లీమీటర్లు ఎక్కువ వదిలి, పది కాపీలు కొట్టించా.

అసలు సంగతి ఇప్పుడు విను. బొమ్మలో వంకరలు తెలియాలంటే అద్దంలో చూసినట్టు తిప్పి చూడాలి. క్రిటాలో కీబోర్డు మీద ఎం (M) నొక్కితే చూపు మాత్రమే తిరుగుతుంది. నేనేమో నిద్రమత్తులో మెనూలోకి వెళ్లి బొమ్మనే తిప్పేసి సేవ్ చేశా! నమూనాలోనూ తిరగబడే ఉంది, రంగుల టెన్షన్‌లో చేతులు ఎవడు చూశాడు? అమ్మ చూడగానే అడిగింది, "ఎడమచేత్తో చిడతలు వాయిస్తున్నాడేంట్రా" అని.

నీకు పంపేది ఆ పదిలో ఒకటే. ట్యూబులో చుట్టి పంపుతున్నా, రెండు రోజులు బరువైన పుస్తకాల కింద పెట్టి అప్పుడు ఫ్రేమ్ కట్టించు. ఎండపడే గోడకి మాత్రం తగిలించకు, రంగు వెలిసిపోతుంది.

నీ
చిన్నా