డ్రెస్డెన్‌కు సోమవారమా, మంగళవారమా?

సంపాదకులకు,

బెర్లిన్‌కూ ప్రాగ్‌కూ మధ్య ఎల్బ నది ఒడ్డున ఉన్న డ్రెస్డెన్‌ను చాలా ప్యాకేజీ టూర్లు మధ్యాహ్న భోజనపు మజిలీగా సరిపెడుతున్నాయి. బస్సు దిగడం, ఫ్రావెన్‌కిర్ష చర్చి ముందు ఫొటో, మళ్ళీ బస్సు. తెలుగువాళ్ళు అలా దాటిపోకూడని ఊరిది. కారణం అక్కడి రాజకోటలో ఉంది.

కోటలోని ‘గ్రీన్ వాల్ట్’ రాజుల ఖజానా. దాని కొత్త విభాగంలో దాదాపు 41 క్యారెట్ల ఆకుపచ్చ వజ్రం ఉంది. మన కృష్ణ ఒడ్డు కొల్లూరు గనిదేనన్నది ఎక్కువమంది చెప్పే మాట. భూమిలో ఉండగా సహజ రేడియేషన్ సోకడం వల్ల దానికా రంగు. అదే విభాగంలో డింగ్లింగర్ అనే కంసాలి 1701 నుంచి 1708 దాకా చేసిన ఔరంగజేబు పుట్టినరోజు దర్బారు ఉంది. బంగారం, వెండి, ఎనామెల్‌తో 130కి పైగా బొమ్మలు, దాదాపు 5 వేల వజ్రాలు. ఆయన ఇండియా ఎప్పుడూ చూడలేదు. యాత్రికుల పుస్తకాలు చదివి ఊహించుకున్నాడు. అందుకే మొగలు దర్బారులో చైనా, ఈజిప్టు పోకడలు తొంగిచూస్తాయి. దీని ముందు అరగంటైనా నిలబడాలి.

టికెట్ దగ్గరే చాలామంది పొరబడతారు. కోట టికెట్‌తో కొత్త విభాగం, ఆయుధశాల చూడొచ్చు. ‘చారిత్రక’ విభాగానికి మాత్రం వేరే టికెట్, దానిమీద ప్రవేశ సమయం ఉంటుంది. అక్కడ వస్తువులు చాలావరకు అద్దాల పెట్టెల్లో కాక బల్లల మీద, గోడల మీద విడిగా ఉంటాయి. దుమ్ము లోపలికి చేరకుండా కొద్దిమందినే ప్రత్యేక ద్వారం గుండా పంపుతారు. కాబట్టి ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి. 2019 నవంబరులో దొంగలు పడింది ఈ విభాగంలోనే. కొత్త విభాగంలోని ఆకుపచ్చ వజ్రం అప్పుడు ప్రదర్శన కోసం న్యూయార్క్‌లో ఉంది.

రఫేల్ గీసిన సిస్టీన్ మడోన్నా త్స్వింగర్ భవనాల్లోని చిత్రశాలలో ఉంది. ఆ చిత్రశాలకు సోమవారం సెలవు, కోటకు మంగళవారం. టూరు సోమవారం పడితే ఒకటి పోతుంది, మంగళవారం పడితే రెండోది. ఆదివారం ప్రార్థనల వల్ల ఫ్రావెన్‌కిర్షలో సందర్శకులకు సమయం తక్కువ. అంటే బుధవారం నుంచి శనివారం లోపు రెండు రోజులు పెట్టుకోవాలి.

ఆ చర్చి 1945 బాంబుదాడిలో కూలి, 2005లో మళ్ళీ తెరుచుకుంది. గోడల్లో నల్లగా కనిపించేవి పాత రాళ్ళు. లోపలికి ప్రవేశం ఉచితం, గోపురం ఎక్కడానికి టికెట్. దగ్గర్లోనే 102 మీటర్ల పొడవున, దాదాపు 23 వేల మైసెన్ పింగాణీ పలకలతో రాజుల ఊరేగింపు గోడ ఉంది. కొలిమిలో కాలిన పలకలు కాబట్టి ఆనాటి మంటలకు చాలావరకు చెక్కుచెదరలేదు.

నది దాటడానికి పాత గైడుపుస్తకాల్లోని కరోలా వంతెనను నమ్ముకోవద్దు. 2024 సెప్టెంబరులో దానిలో ఒక భాగం కూలిపోయింది. ఆగస్టస్ వంతెన మీదుగా నడవడమే మేలు. ఎండాకాలంలో నీరు తగ్గితే ఆవిరి పడవలు రద్దవుతాయి. ఆ రోజు నది చూడాలంటే రైలే దిక్కు: ప్రాగ్ నుంచి వస్తుంటే కుడివైపు కిటికీ సీటు అడగండి.

ఇట్లు,
ఒక పాఠకుడు