ర్యామ్‌ని అనేముందు ఆఖరి లైను చూడండి

ఎడిటర్ గారికి,

పాత కంప్యూటర్లో ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేశాక కెర్నెల్ (ఆ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) క్రాష్ అయితే ముందు ర్యామ్ మార్చమని మీ టెక్నాలజీ పేజీలో రాశారు. చదివి మార్చినదాన్ని నేను. ఏమీ ఒరగలేదు, అందుకే ఈ ఉత్తరం.

నాది పెంటియమ్ 3 డెస్క్‌టాప్. మా అమ్మాయి పుట్టిన ఏడు కొన్నది, పారేయడానికి చేతులు రావు. పోయిన నెల అందులోని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని కొత్త వెర్షన్‌కి మార్చి రీస్టార్ట్ చేస్తే నల్లటి స్క్రీన్ నిండా అక్షరాలు, కీబోర్డు మీద లైట్లు అదే పనిగా వెలిగి ఆరడం. ఒకటే టెన్షన్. ర్యామ్ మార్చాను, అదే తంతు. పాత ర్యామ్‌కి రాత్రంతా మెమ్‌టెస్ట్ (ర్యామ్‌లో తప్పులు వెతికే ప్రోగ్రామ్) పెడితే తెల్లారేసరికి ఒక్క ఎర్రరూ లేదు.

బూట్ మెనూలో పాత కెర్నెల్ ఇంకా ఉంది కదా అని దాన్ని ఎంచుకున్నాను. అదీ అదే మాట చెప్పి పడిపోయింది. మొన్నటిదాకా నిక్షేపంగా నడిచిన కెర్నెల్! అంటే తప్పు దానిది కాదన్నమాట. అప్పుడు ఫోన్‌తో స్క్రీన్ ఫోటో తీసి, పెద్దది చేసి చదివాను: ‘అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్’, పక్కనే ఎగ్జిట్‌కోడ్, వరుసగా సున్నాలు, చివర 4.

ఇనిట్ అంటే కెర్నెల్ మొట్టమొదట నడిపే ప్రోగ్రామ్. అది చనిపోతే కెర్నెల్ కూడా చేతులెత్తేస్తుంది. 4 అనేది సిగ్నల్ నంబరు: ప్రాసెసర్‌కి తెలియని ఇన్‌స్ట్రక్షన్ ఎదురైందని. ఆ కోడ్ హెక్సాడెసిమల్‌లో ఉంటుంది, అందులో బి అంటే 11. అక్కడ 4 బదులు బి ఉంటే సెగ్మెంటేషన్ ఫాల్ట్, అంటే ప్రోగ్రామ్ తనది కాని మెమరీ జోలికి వెళ్లిందని. అప్పుడైతే ర్యామ్‌ని నేనూ అనుమానించేదాన్ని.

పాత లైవ్ సీడీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లినక్స్) బూట్ చేసి, ప్రాసెసర్ వివరాలుండే సీపీయూఇన్ఫో ఫైలు తెరిచాను. ప్రాసెసర్‌కి ఏమేం వచ్చో చెప్పే ఫ్లాగ్స్ లైన్లో ఎస్ఎస్ఈ అనే ఇన్‌స్ట్రక్షన్ల సెట్ ఉంది, దాని తర్వాతిదైన ఎస్ఎస్ఈ2 లేదు. ఉండదు మరి, అది 2000లో పెంటియమ్ 4తో వచ్చింది. కొత్త వెర్షన్ ప్రోగ్రామ్‌లన్నీ అది ఉంటుందనుకునే కంపైల్ చేశారు.

పాతవాటిని ఎల్లకాలం మోయమని నేననను. 1991లో 386 ప్రాసెసర్ మీద పుట్టిన లినక్సే 2013లో, 3.8 వెర్షన్‌తో, ఆ 386ని వదిలేసింది. కానీ అప్‌గ్రేడ్ మొదలుపెట్టే ముందు ఫ్లాగ్స్ ఒకసారి చూసి ‘నీ ప్రాసెసర్‌కి ఇది సరిపడదు’ అని ఒక్క ముక్క చెప్పడానికి ఎంత పని? మీ పేజీలో కూడా ర్యామ్ కన్నా ముందు ఆ ఆఖరి లైను సంగతి రాయండి.

ఎస్ఎస్ఈ2 అడగని 32 బిట్ లినక్స్ ఎక్కించాను. ర్యామ్ మళ్లీ పాతదే పెట్టాను. ఇబ్బంది లేకుండా బూట్ అవుతోంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు