మా గోల్డ్ ఫిష్ కోలుకుంది, సాయం చేసిన అందరికీ ధన్యవాదాలు

మా రెండు గోల్డ్ ఫిష్‌ల పొట్టలూ ఉబ్బాయని ఇక్కడ ఫొటో పెడితే పాలకొల్లు, భీమవరం, ఆకివీడు నుంచి ఇంతమంది పలుకుతారని అనుకోలేదు. ఒక్కొక్కరికీ విడిగా రాయడం కుదరక అందరికీ కలిపి ఇక్కడే చెబుతున్నాను. పెద్ద చేప బతికింది. మేత డబ్బా మోత వినిపిస్తే చాలు, మళ్ళీ అద్దం దగ్గరికి వచ్చేస్తోంది. చిన్నది దక్కలేదు.

ముందుగా ఉండి అనే ఊరి దగ్గర చెరువులు చేసే మా మావయ్యగారికి. వీడియో కాల్‌లో ఆయన పొట్ట సంగతి అసలు అడగలేదు. "పొలుసులు అణిగున్నాయా, లేచున్నాయా? పైనుంచి చూసి చెప్పండి అల్లుడుగారూ" అన్నారు. సెల్‌ఫోన్ లైటు వేసి పైనుంచి చూశాం. పెద్దదానికి పొట్ట గుండ్రంగా ఉంది గానీ పొలుసులు నున్నగా ఒంటికి అంటుకునే ఉన్నాయి. వెనకాల తెల్లటి సన్నటి రెట్ట దారంలా వేలాడుతోంది. చిన్నదానికి మాత్రం ఒళ్ళంతా అనాసపండు తొక్కలా విచ్చుకుంది, కళ్ళు కూడా బయటికి పొడుచుకొచ్చాయి.

మొదటిది అజీర్తి, రెండోది జలోదరం అని అక్కడికక్కడే తేల్చేశారు. మంచినీటి చేప ఒంట్లోకి మొప్పల గుండా నీరు ఎప్పుడూ దిగుతూనే ఉంటుందట, మూత్రపిండాలు దాన్ని బయటికి తోడేస్తూ ఉంటాయట. అవి దెబ్బతింటే నీరు లోపలే నిలిచిపోయి పొలుసుల్ని కిందనుంచి నెడుతుంది. చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి చేపలకీ ఇదే జబ్బు వస్తుంది. చాలాసార్లు ఏరోమోనాస్ అనే బాక్టీరియా పని. అది నీళ్ళలో ఎప్పుడూ ఉండేదే, చేప నీరసపడ్డప్పుడు లోపలికి దూరుతుంది. "పొలుసు లేచాక తిప్పుకోవడం కష్టమండీ, పాపకి ముందే చెప్పేయండి" అన్నారు. ఆ మాట దాచకుండా చెప్పినందుకు ఆయనకి మరో దండం. చిన్నదాన్ని వేరే టబ్బులో పెట్టి చేయగలిగింది చేశాం.

భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్ళు టెస్ట్ చేసే ల్యాబ్ తమ్ముడికి ప్రత్యేకంగా థాంక్స్. సీసాలో అక్వేరియం నీళ్ళు పట్టుకెళితే నవ్వకుండా తీసుకుని, చెరువు నీళ్ళకి చేసినట్టే పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్ అన్నీ చూసిపెట్టాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. అక్వేరియంలో అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి, మాకు అమ్మోనియా కనిపించింది. పీహెచ్ ఎక్కువైతే ఆ అమ్మోనియాకే విషం పెరుగుతుందని, రోజూ నాలుగో వంతు నీళ్ళు మార్చమని చెప్పాడు. మా బోరు నీళ్ళు ఉప్పన. కాలువలకి నీళ్ళు ఆపేసిన రోజుల్లో కుళాయి నీళ్ళు బ్లీచింగ్ వాసన. అందుకే కుళాయి నీళ్ళు పట్టి, యాంటీ క్లోరిన్ చుక్కలు వేశాకే పొయ్యమన్నాడు.

ఇక వైద్యం అంటారా, లంఖణం పరమౌషధం. రెండు మూడు రోజులు మేత పూర్తిగా ఆపాం. మా పాప మాత్రం దాన్ని చంపేస్తున్నామని ఏడుపు! ఆ తర్వాత పచ్చి బఠాణీ మెత్తగా ఉడికించి, తొక్క తీసి, గింజని వేళ్ళతో చిదిమి చిటికెడు వేశాం. దాంతోపాటు ఎప్సమ్ సాల్ట్, అంటే మెగ్నీషియం సల్ఫేట్, 20 లీటర్లకి ఒక టీస్పూన్ చొప్పున మగ్గులో కరిగించి మెల్లగా కలిపాం. వంట ఉప్పు వేరు, ఇది వేరు, ఒకదాని బదులు ఒకటి వెయ్యకండి. మన కొబ్బరి చెట్లకి వేసేదీ మెగ్నీషియం సల్ఫేటే గానీ ఎరువుల కొట్టు సరుకు వద్దని, మందుల షాపులో దొరికేదే తెమ్మని రాసిన అక్కకి కృతజ్ఞతలు. లేకపోతే మా పెరటి గోతాంలోంచే తీసేవాళ్ళం.

పొట్ట ఉబ్బింది గుడ్లతో ఉండేమో చూడమన్నవాళ్ళకి కూడా థాంక్స్. గుడ్లతో ఉన్న చేప మామూలుగా తిని తిరుగుతుందట, మాది తిండి మానేసి మూల నక్కింది కాబట్టి ఆ అనుమానం తీరిపోయింది.

ఒక్క విషయంలో మాత్రం కోపం. చేపలు కొన్న షాపులో పొలుసు కూడా చూడకుండా నీలం మందు, ఏదో యాంటీబయాటిక్ పొడి చేతిలో పెట్టారు. నీలం మందు ఫంగస్‌కి పనికొస్తుందేమో గానీ, అజీర్తికి ఏం చేస్తుంది? యాంటీబయాటిక్ మాటెత్తితే మావయ్యగారు గయ్యిమన్నారు. రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్లు అనే యాంటీబయాటిక్‌లు నిషేధం, అవశేషాలు కనిపిస్తే విదేశాల నుంచి సరుకు వెనక్కొస్తుంది. ఆ దెబ్బ తెలిసిన మనిషి మరి. ఆ పొడి ప్యాకెట్ విప్పకుండానే షాపులో తిరిగిచ్చేశాం.

ఎప్సమ్ సాల్ట్ సగం పైగా మిగిలింది. పాలకొల్లు చుట్టుపక్కల ఎవరి చేపకైనా అవసరమైతే మెసేజ్ పెట్టండి, ఇస్తాను. ల్యాబ్ తమ్ముడూ, మీ సీసా మా ఇంట్లోనే ఉండిపోయింది, ఈసారి భీమవరం వచ్చినప్పుడు తెచ్చిస్తాను.