ఒంగోలు మురుగునీటి పనిని చివరి నుంచి మొదలుపెట్టండి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒంగోలులో పైపులు, శానిటరీ సామాన్ల షాపు నడుపుతున్నాను. మా ఊళ్లో భూగర్భ డ్రైనేజీ మాట ఎప్పుడు వచ్చినా ఎన్ని కిలోమీటర్ల పైపు, ఎన్ని కోట్లు అన్న దగ్గరే ఆగిపోతుంది. పైపులు అమ్మి బతికే నేనే మిమ్మల్ని అడుగుతున్నాను, దయచేసి ఈ పనిని పైపులతో మొదలుపెట్టకండి. ఊరి మురుగు ఎక్కడ శుభ్రం కావాలి, శుభ్రమైన నీళ్లు ఎవరికి పోవాలి, శుద్ధి చేసే యంత్రాలను పదిహేనేళ్లు ఎవరు నడపాలి అన్నది ముందు తేల్చండి. రోడ్లు ఆ తర్వాత తవ్వుదాం.

ఎందుకంటున్నానో చెబుతాను. ఇల్లు కట్టుకునేవాళ్లు మేస్త్రిని వెంటబెట్టుకుని మా షాపుకు వస్తారు. సెప్టిక్ ట్యాంకు సామాను చీటీలో చివర్న ఎప్పుడూ ఒకటే ఉంటుంది. నాలుగంగుళాల పైపు ఒకటి, ఒక ఎల్బో, ఒక సొల్యూషన్ డబ్బా. ట్యాంకు నుంచి వీధి సైడు కాలువలోకి వేసే పైపు అది. ఇంకుడు గుంతకు కావలసిన సామాను అడిగేవాళ్లు చాలా అరుదు. అందులో వాళ్ల తప్పు లేదు. మాది నల్లరేగడి. తడిసి ఉబ్బిందంటే నీళ్లు లోపలికి దిగవు. గుంత తవ్వినా నిండిపోయి వాకిట్లో వాసన కొడుతుంది. అందుకే ట్యాంకులో తేరిన నీళ్లు, వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు అన్నీ సైడు కాలువలోకే పోతాయి.

సెప్టిక్ ట్యాంకు చేసేది సగం పనే. బరువైనదంతా అడుగుకు దిగుతుంది, పైన తేరిన నీళ్లు బయటికి పోతాయి. చూడ్డానికి కాస్త తేటగా కనిపించినా రోగాలు తెచ్చే క్రిములు ఆ నీళ్లలోనే ఉంటాయి. అవి భూమిలోకి ఇంకి వడపోతకు గురైతేనే మిగతా సగం పని అయినట్టు. అడుగున చేరిన మడ్డిని రెండు మూడేళ్లకోసారి తీయించాలని నిబంధన. బాత్‌రూంలోకి ఎదురుతన్నేదాకా తీయించే ఇల్లు నాకు తెలిసి ఒక్కటీ లేదు. మా ఇంటికి మడ్డి లాగే బండి వచ్చినప్పుడు డ్రైవర్‌ని అడిగాను, ఇదంతా ఎక్కడ పోస్తావు బాబూ అని. "చోటు చూపిస్తే అక్కడే పోస్తాం కదా సార్, ఎవరూ చూపించలేదు" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. ఒక ఊరు తన మలమూత్రాలను ఎక్కడ దించాలో కూడా చెప్పకుండా ఒక మనిషి చేతికి అప్పగించింది. బాధ కలిగింది.

లెక్క చూడండి. 2011 జనగణన నాటికే ఒంగోలు జనాభా 2 లక్షల పైచిలుకు. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లివ్వాలని, అందులో 80 శాతం మురుగుగా బయటికొస్తుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. అలా చూస్తే రోజుకు 2 కోట్ల లీటర్లకు పైనే. 2011 తర్వాత ఊరు ఎంత పెరిగిందో కర్నూలు రోడ్డులోనో మంగమూరు రోడ్డులోనో ఒకసారి నడిచినా తెలుస్తుంది. ఈ నీళ్లు పోతురాజు కాలువ, నల్లవాగు దారి పట్టి తూర్పు పల్లానికి, సముద్రం వైపు పోతాయి. దారిలో పొలాలున్నాయి, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులున్నాయి. వానాకాలంలో ఇవే నీళ్లు వెనక్కి తిరుగుతాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజుల్లాంటి వాన పడితే, పల్లపు కాలనీల్లో ఇళ్లలోకి వచ్చేవి వాన నీళ్లు మాత్రమే అనుకోవడానికి లేదు. ఏటా పూడిక తీయిస్తారు. తీసిన పూడికను కాలువ గట్టు మీదే పోస్తారు, తర్వాతి వానకు అది మళ్లీ కాలువలోకే జారుతుంది.

అలాగైతే వెంటనే పైపులు వేసేస్తే సరిపోతుంది కదా అంటారు. మాది సముద్రానికి దగ్గరగా ఉన్న చదునైన ఊరు. మురుగు దానంతట అది పారాలంటే పైపుకు వాలు ఉండాలి. వీధుల్లో వేసే ఎనిమిదంగుళాల పైపుకు సుమారు 250 మీటర్లకు ఒక మీటరు వాలు కావాలి, లేకపోతే మడ్డి పేరుకుంటుంది. కిలోమీటరు పోయేసరికి 4 మీటర్లు దిగాలి. నల్లరేగడిలో అంత లోతు తవ్వితే గోడలు నిలవవు, కింద పని చేసేవాళ్ల ప్రాణాలకు ప్రమాదం. ఎండాకాలం నేల బీటలు వారి, వానకు ఉబ్బి, సరిగా వేయని అతుకుల్ని వదులు చేస్తుంది. కాబట్టి అక్కడక్కడా మురుగును పైకెత్తే పంపింగ్ స్టేషన్లు తప్పవు. వాటికి కరెంటు కావాలి, కరెంటు పోతే జనరేటర్ కావాలి, దానికి డీజిల్ కావాలి, రాత్రింబవళ్లు మనిషి ఉండాలి. ఈ ఖర్చు ఏ శంకుస్థాపన శిలాఫలకం మీదా ఉండదు. ప్రతి నెలా మాత్రం వచ్చిపడుతుంది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క నన్ను బాగా ఆలోచనలో పడేసింది. దేశంలో పట్టణాల నుంచి రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగునీరు వస్తోంది. శుద్ధి ప్లాంట్ల సామర్థ్యం 31,841 మిలియన్ లీటర్లు. నిజంగా శుద్ధి అవుతున్నది 20,236 మిలియన్ లీటర్లే. డబ్బు పోసి కట్టిన సామర్థ్యంలోనే మూడో వంతుకు పైగా ఊరికే పడి ఉందన్నమాట. కొన్నిచోట్ల ప్లాంటు ఉంటుంది, అక్కడిదాకా పైపు రాదు. కొన్నిచోట్ల పైపు వీధిలో ఉంటుంది, ఇంటి నుంచి కనెక్షన్ ఉండదు. నడిపే డబ్బు లేక మోటార్లు ఆపేసినవీ ఉన్నాయి. మన పక్క నెల్లూరులో రోడ్లు తవ్విన నాటి నుంచి జనం ఎన్నేళ్లు అవస్థ పడ్డారో మీకు నాకంటే బాగా తెలుసు. ఒంగోలు ఆ దారి పట్టకూడదు.

గంగ ప్రక్షాళన పథకంలో ఒక పద్ధతి పెట్టారు. ప్లాంటు కట్టే కంపెనీకి కట్టేటప్పుడు 40 శాతం డబ్బే ఇస్తారు. మిగతా 60 శాతం 15 ఏళ్లలో, ప్లాంటు సరిగా నడిస్తేనే ఇస్తారు. మా ఊరికీ అలాంటి ఒప్పందమే రాయించండి. బయటికొచ్చే నీటి పరీక్ష ఫలితాలు ప్రతి వారం ప్లాంటు గేటు దగ్గర బోర్డు మీద తెలుగులో రాయించండి. ఇంటి కనెక్షన్ ఖర్చును కూడా పథకంలోనే కలపండి. వాకిట్లో టైల్స్ పగలగొట్టించి, డిపాజిట్ కట్టి, కూలీలకు డబ్బిచ్చి ఎవరూ వాళ్లంతట వాళ్లు కనెక్షన్ తీసుకోరు. నేను రోజూ కౌంటర్లో చూసే మనుషుల గురించి చెబుతున్నాను సార్, వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఇల్లు పూర్తయ్యేసరికి వాళ్ల చేతిలో రూపాయి మిగలదు.

ఇక నీళ్ల విషయం. ఇది నాకు అన్నింటికంటే పెద్దది. మాది సాగర్ కుడి కాలువకు చివరన ఉన్న ఊరు. కాలువ నీళ్లు వదిలినప్పుడు సమ్మర్ స్టోరేజి ట్యాంకులు నింపుకోవాలి, ఎండాకాలం పొదుపుగా వాడుకోవాలి. మోటారు ఆన్ చేయడానికి తెల్లవారుజామున లేచి కూర్చునే ఇళ్లు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. అంత కష్టపడి తెచ్చుకున్న నీళ్లను ఒక్కసారి వాడి, పాడుచేసి, సముద్రానికి పంపుతున్నాం. బెంగళూరు 2018 నుంచి శుద్ధి చేసిన నీళ్లను కరువు జిల్లా కోలారు చెరువులకు పంపుతోంది. మొదట్లో చెరువులో నురగ వచ్చింది, వ్యవహారం కోర్టు దాకా వెళ్లింది. శుద్ధి ఎంత జాగ్రత్తగా చేయాలో అక్కడి నుంచే నేర్చుకోవచ్చు. చెన్నై, సూరత్ శుద్ధి చేసిన మురుగునీటిని ఫ్యాక్టరీలకు అమ్ముతున్నాయి. మా ఊళ్లోనూ ఇళ్ల నిర్మాణానికి, పార్కులకు, మేతకు పెంచే గడ్డికి ఈ నీళ్లు సరిపోతాయి. ట్యాంకర్ నీళ్లతో శ్లాబు తడుపుకునేవాళ్లే నా ఖాతాదారులు. శుభ్రమైన నీళ్లు తక్కువ ధరకు దొరికితే వాళ్లే ముందు కొంటారు.

పెద్ద పథకానికి ఏళ్లు పడుతుంది. అందుకోసం ఆగకుండా వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. సెప్టిక్ ట్యాంకు మడ్డిని శుద్ధి చేసే చిన్న ప్లాంటు ఊరికి అందుబాటులో పెట్టి, బండ్లన్నిటికీ లైసెన్సు, జీపీఎస్ ఇచ్చి, అక్కడే పోయాలని కట్టడి చేయండి. మడ్డి నిర్వహణకు 2017లోనే జాతీయ విధానం వచ్చింది. వార్డు సచివాలయాల దగ్గర ఇళ్ల వివరాలు ఉన్నాయి, ఏ వీధి ట్యాంకులు ఎప్పుడు తీయాలో వంతులు వేయడం కష్టం కాదు.

ఆ ట్యాంకుల్లోకి, మ్యాన్‌హోళ్లలోకి దిగే మనుషుల గురించి అడగకుండా ఈ లేఖ పంపలేను. లోపల విషవాయువు ఉంటుంది, రెండు ఊపిరుల్లో మనిషి పడిపోతాడు, కాపాడబోయినవాడూ పడిపోతాడు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. మరణిస్తే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. ప్రాణం పోయాక ఇచ్చే 30 లక్షలకన్నా పూడిక లాగే యంత్రం ముందు కొనడమే న్యాయం. టెండర్‌లో పైపులతో పాటు యంత్రాలు కూడా ఉండాలి, మనిషి దిగకుండానే శుభ్రం చేసేలా మ్యాన్‌హోళ్ల డిజైన్ ఉండాలి.

డీపీఆర్ (పథకం పూర్తి వివరాల నివేదిక) తయారైనప్పుడు దాన్ని తెలుగులో ప్రతి వార్డు సచివాలయంలో నెల రోజులు పెట్టించండి. శుద్ధి ప్లాంటుకు స్థలం ఎక్కడ, నెలకు కరెంటు బిల్లు ఎంత, అది ఎవరు కడతారు అన్న మూడు విషయాలు మొదటి పేజీలోనే ఉండేలా చూడండి. ఆ పేజీ చదివాక మా వీధి వాళ్లందరితో మాట్లాడి, నీటి ఛార్జీలో మేం ఎంతవరకు భరించగలమో రాసి మీకు పంపుతాం.

ఇట్లు,
ఒంగోలు పౌరుడు, పైపుల వ్యాపారి