హోంమంత్రి గారికి: కొట్టేసిన కేసు ఇంకా ఎన్నాళ్లు బతికుంటుంది?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోంశాఖ మంత్రి గారికి,

నమస్కారమమ్మా. సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరై, శ్రీకాకుళం జిల్లాలో సొంతూరికి వచ్చి స్థిరపడినవాణ్ని. సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్లను రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి హైస్కూల్ గ్రౌండ్‌లో పరిగెత్తిస్తుంటాను. ఫీజేమీ లేదు. పదహారు వందల మీటర్లు ఐదున్నర నిమిషాల్లో కొట్టాలి, బీమ్ (కడ్డీ పట్టుకుని పైకి లేవడం) పది తీయాలి. ఇవి నేను నేర్పగలను. నేను నేర్పలేనిది ఒకటుంది, పోలీసు వెరిఫికేషన్, అంటే ఉద్యోగం ఇచ్చేముందు కేసులేమైనా ఉన్నాయా అని స్టేషన్ ఇచ్చే రిపోర్టు దాటడం. దాని గురించే ఈ ఉత్తరం.

2023 సంక్రాంతికి మా పక్క ఊళ్లో రికార్డింగ్ డ్యాన్స్ పెట్టారు. స్టేజీ ముందు ఎవడో ఎవడి కాలో తొక్కాడు. రెండు వీధుల వాళ్లు కొట్టుకున్నారు. తెల్లారి ఒక వర్గం కంప్లైంట్ ఇస్తూ గుర్తొచ్చిన పేర్లన్నీ రాయించింది. మొత్తం పదకొండు మంది. నా దగ్గర పరిగెత్తే కుర్రాడు అందులో ఏ-9, అంటే తొమ్మిదో నిందితుడు. అప్పుడు వాడికి పద్దెనిమిదేళ్లు. విడదీయడానికి వెళ్లానంటాడు. వాణ్ని సుద్దపూస అని నేను అనను, ఒకటో రెండో వేసే ఉంటాడు.

కొట్టడం, అడ్డగించడం కింద ఐపీసీ 323, 341 పెట్టి ఊరుకుని ఉంటే లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయేది. కర్రలున్నాయని మారణాయుధాలతో అల్లర్ల సెక్షన్ 148 కూడా కలిపారు. అది రాజీకి వీల్లేని సెక్షన్. ఊళ్లో పెద్దలు కూర్చుని మాట్లాడినా, దెబ్బలు తిన్నవాళ్లే వచ్చి మాకేం పట్టింపు లేదన్నా కింది కోర్టు దాన్ని మూయలేదు. హైకోర్టుకి వెళ్లాలి. ఇరువర్గాలు రాజీపడితే ఇలాంటి కేసుల్ని హైకోర్టు కొట్టేయవచ్చని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. కానీ మా దగ్గర్నుంచి అమరావతి నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. ఆ తండ్రిది కూలి పని. వకీలు ఫీజుకి ఆవుని అమ్మాడు.

రెండేళ్లకి కేసు కొట్టేశారు. ఈలోగా కంప్లైంట్ ఇచ్చినాయన కొడుకూ వీడూ ఒకే బండి మీద గ్రౌండ్‌కి రావడం మొదలుపెట్టారు, అది వేరే సంగతి.

కుర్రాడు సైన్యంలో అగ్నివీర్ ఆన్‌లైన్ పరీక్ష పాసయ్యాడు. ర్యాలీలో పరుగు పాసయ్యాడు. మెడికల్‌లో ఫిట్ అన్నారు. తర్వాత స్టేషన్ నుంచి రిపోర్టు వెళ్లింది. అందులో క్రైమ్ నంబరుంది, సెక్షన్లున్నాయి. హైకోర్టు కొట్టేసిందన్న ఒక్క ముక్క లేదు. ఆర్డరు కాపీ పట్టుకుని తండ్రీకొడుకులు స్టేషన్ చుట్టూ తిరిగారు. ‘కంప్యూటర్‌లో అలాగే ఉంది, మేమేం చేస్తాం’ అన్నారు. ఆ తిరుగుడులోనే వాడికి వయసు దాటిపోయింది. 2022లో ఈ అగ్నివీర్‌ల భర్తీ పథకం అగ్నిపథ్ తెచ్చినప్పుడు పెట్టిన పరిమితి పదిహేడున్నర నుంచి 21. ఆ ఒక్క ఏడాదికి మాత్రం 23 దాకా సడలించారు. మూడున్నరేళ్ల కిటికీ అమ్మా అది. మన కోర్టుల్లో రెండు వాయిదాలు పడేసరికి సగం మూసుకుపోతుంది.

మా కుర్రాళ్లకి ‘కేసు ఉందని రాయకు, ఎవరు చూస్తారు’ అని సలహా ఇచ్చేవాళ్లు బోలెడుమంది. నేను మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయమంటాను. ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యావా, కేసు నడిచిందా, బైండోవర్ (గొడవ చేయనని అధికారి ముందు పూచీ రాయించుకోవడం) చేశారా అని అన్నీ అడుగుతారు. దాస్తే ఆ దాచినందుకే ఉద్యోగం పోవచ్చు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం వివరంగా చెప్పింది. కుర్రతనంలో జరిగిన చిన్న తప్పుల్ని అధికారులు చూసీచూడనట్టు వదిలేయవచ్చనీ అందులోనే చెప్పింది. నా మాట విని నిజం రాసినవాడు ఇంటి దగ్గరే ఉన్నాడు. రేపు ఇంకొకడికి అదే సలహా ఏ మొహంతో ఇవ్వను?

బైండోవర్ అన్నాను కదా, దాని గురించీ ఒక మాట. ఎన్నికలొస్తే చాలు, ‘ముందు జాగ్రత్త’ అని వీధిలో నలుగురు కుర్రాళ్లని తహసీల్దారు ముందు నిలబెట్టి సంతకం పెట్టిస్తారు. టీ తాగి వచ్చినంత తేలిగ్గా వచ్చేస్తారు వాళ్లు. అది ఫారంలో ఒక గడి అని వాళ్లకెవరూ చెప్పరు.

మైనర్ల సంగతి ఇంకా అన్యాయం. 2015 జువైనల్ జస్టిస్ చట్టంలో 74వ సెక్షన్ ప్రకారం ముగిసిపోయిన బాలల కేసు వివరాల్ని క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమైనా పోలీసులు బయటపెట్టకూడదు. చట్టం అంత స్పష్టంగా ఉంది. అయినా పదహారేళ్లప్పుడు మామిడితోట గొడవలో ఇరుక్కుని, జువైనల్ బోర్డు ముందు కేసు ముగిసిన మరో కుర్రాడి వివరాలు రిపోర్టులోకి ఎక్కాయి. రాసిన కానిస్టేబుల్‌ని నేను తిట్టలేదు. ఆ సెక్షన్ ఉందని అతనికి చెప్పినవాళ్లు లేరు.

ఆడపిల్లల మీద అఘాయిత్యం చేసినవాణ్ని, కత్తి పట్టినవాణ్ని, గంజాయి అమ్మినవాణ్ని తీసుకోమని నేను అడగడం లేదు. అలాంటివాడి పక్కన నేనే నిలబడను. సైన్యంలో ఎవర్ని చేర్చుకోవాలో మీ చేతిలో లేదని కూడా తెలుసు, అది ఢిల్లీ వాళ్ల పని. కానీ స్టేషన్ నుంచి వెళ్లే ఆ కాగితం మాత్రం మీదే. కేసు ఉందని రాసినప్పుడు అది ఏమైందో, ఏ తేదీన ఏ కోర్టు ఏమన్నదో అదే కాగితంలో రాసి తీరాలని ఒక సర్క్యులర్ ఇవ్వండి. కోర్టు తీర్పు వచ్చిన నెలలోగా పోలీసుల కేసుల కంప్యూటర్ వ్యవస్థ సీసీటీఎన్ఎస్‌లో ఎక్కించే బాధ్యత ఫలానా అధికారిదని పేరు పెట్టి చెప్పండి. బాలల కేసులు అసలు రాయొద్దని చెప్పండి. ఇరువర్గాలూ రాజీపడ్డ ఇలాంటి కొట్లాటల్లో ప్రాసిక్యూషన్ ఉపసంహరణకి (కేసు నడపడం ప్రభుత్వం మానుకోవడానికి), పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 360వ సెక్షన్ ఉంది. రాజకీయ నాయకుల కేసులకి గుర్తొచ్చే ఆ సెక్షన్ పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లకీ గుర్తు రావాలి.

ఆ ఏ-9 కుర్రాడు ఇప్పటికీ గ్రౌండ్‌కి వస్తున్నాడు. స్టాప్‌వాచ్ వాడి చేతికే ఇచ్చాను. వాడి తమ్ముడికి వచ్చే నెల పదిహేడున్నర నిండుతుంది. ఈ పండక్కి వాణ్ని ఇంట్లోంచి బయటికి పంపలేదట.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు,
శ్రీకాకుళం జిల్లా