మా బ్యాంకు ఖాతా గుంటూరుకు మారింది: చెక్కులిచ్చే పార్టీలకు

మా ఖాతా విజయవాడ బ్రాంచి నుంచి గుంటూరు బ్రాంచికి మారింది. రేట్లు, అరువు గడువు పాతవే. కానీ మీరిచ్చే చెక్కు బౌన్సయి కేసు దాకా వెళ్తే, ఇకమీదట అది గుంటూరు కోర్టులో నడుస్తుంది. మీ షాపు ఖమ్మంలో ఉన్నా, శ్రీకాకుళంలో ఉన్నా అంతే. ఇది మాకు సౌకర్యం, మీకు ప్రయాస. అందుకే ముందుగా చెబుతున్నాం.

2014 ఆగస్టులో దశరథ్ రూప్‌సింగ్ రాథోడ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు, చెక్కు ఇచ్చినవారి బ్యాంకు ఎక్కడుంటే అక్కడే ఫిర్యాదు చేయాలంది. చాలామంది ఇప్పటికీ అదే నమ్ముతున్నారు. 2015 జూన్ 15 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఆ లెక్క మార్చేసింది. చెక్కుల లావాదేవీలను నడిపే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 142(2) సెక్షన్ ప్రకారం, చెక్కును ఖాతాలో వేస్తే, డబ్బు రావాల్సినవారి ఖాతా ఏ బ్రాంచిలో ఉందో ఆ ప్రాంతపు కోర్టుదే అధికారం. మా మనిషి మీ ఊళ్లోనే మా బ్యాంకు వేరే బ్రాంచిలో చెక్కు వేసినా, గుంటూరులో వేసినట్టే లెక్క. ఖాతాలో వేయకుండా మీ బ్యాంకు కౌంటర్లో నేరుగా చూపించే చెక్కుకు మాత్రం మీ బ్రాంచి ఉన్న ఊరి కోర్టు.

మా పాత బిల్లుల కింద 'విజయవాడ కోర్టు పరిధికి లోబడి' అని అచ్చయి ఉంది. అది బాకీ వసూలుకు వేసే సివిల్ దావాకు పనికొస్తుందేమో గానీ, చెక్కు కేసును ఆ ముక్క కదిలించలేదు. బౌన్సయిన చెక్కు డబ్బు కట్టమంటూ మేమిచ్చే నోటీసు ఏ ఊరి నుంచి పంపామన్నదీ లెక్కలోకి రాదు. ఒక మినహాయింపు ఉంది: ఒకే పార్టీ మీద మా కేసు ఇప్పటికే విజయవాడలో పెండింగులో ఉంటే, అదే చట్టం 142ఏ(2) సెక్షన్ ప్రకారం ఆ పార్టీ తర్వాతి చెక్కుల ఫిర్యాదులు కూడా అక్కడికే వెళ్తాయి.

గడువులు గుర్తుంచుకోండి. చెక్కు మీద వేసిన తేదీ నుంచి 3 నెలల్లోపు మేం బ్యాంకులో వేయాలి. చెక్కు బౌన్సయిందన్న సమాచారం బ్యాంకు నుంచి మాకు అందిన 30 రోజుల్లో నోటీసివ్వాలి. నోటీసు మీకు అందాక 15 రోజులు మీవి. ఆలోగా చెక్కు మొత్తం కడితే, చెక్కు బౌన్సును నేరంగా చూసే అదే చట్టం 138 సెక్షన్ కింద నేరమే లేదు. ఆ 15 రోజులు దాటాక నెలలోపు మేం కోర్టుకు వెళ్లాలి. చెక్కుకు డబ్బు ఇవ్వొద్దని బ్యాంకుకు చెప్పి 'స్టాప్ పేమెంట్' పెట్టేస్తేనో, ఖాతా మూసేస్తేనో తప్పించుకోవచ్చనుకోవద్దు, అవీ 138 కిందికే వస్తాయి.

ఎక్కువ గొడవలు పాక్షిక చెల్లింపు దగ్గరే వస్తాయి. లక్ష రూపాయల చెక్కు మా దగ్గరుండగా మీరు యూపీఐలో 40,000 వేశారనుకోండి. మేం అదే చెక్కును పూర్తి మొత్తానికి బ్యాంకులో వేసి, లక్షకూ నోటీసిస్తే కేసు నిలవదు, 2022లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. చెక్కు వెనుక చెల్లింపు రాయించాలి, లేదా చెక్కు మార్చుకోవాలి. మాకు రెండోదే మేలనిపిస్తుంది. కాబట్టి డబ్బు వేసినరోజే చెప్పండి, మిగిలిన 60,000కు కొత్త చెక్కు తీసుకుని పాతది తిరిగిచ్చేస్తాం.

షాపు చిరునామా మారినవారు ఈ నెలలోనే రాసివ్వండి. సరైన చిరునామాకు పంపిన రిజిస్టర్డ్ నోటీసు తీసుకోకుండా తిప్పి పంపినా, అందినట్టే కోర్టు భావిస్తుంది. ఖాతాలో డబ్బు చాలదనిపిస్తే చెక్కు తేదీకి రెండు రోజుల ముందు ఫోన్ చేయండి, వాయిదా వేస్తాం.