ఆ చివరి లిఫ్ట్ తీసేయకు తల్లీ

చిట్టితల్లీ,

నువ్వు పంపిన స్క్రిప్టు రెండుసార్లు చదివాను. వెయిట్ లిఫ్టర్ కరణం మల్లీశ్వరి మీద డాక్యుమెంటరీ తీస్తానని నువ్వన్న రోజే నాకు కళ్లు చెమర్చాయి. మన ఆముదాలవలస దగ్గర వూసవానిపేట పిల్ల కదా ఆమె! కానీ ఒక్కచోట మనసొప్పలేదు. సిడ్నీ ఒలింపిక్స్‌లో 130 కిలోలు ఎత్తిన వెంటనే మెడలో కాంస్యం వేయించేశావు. మధ్యలో ఒకటి వదిలేశావమ్మా.

బరువును ఒక్క ఊపులో తల మీదికెత్తే స్నాచ్‌లో 110, ముందు భుజాల దాకా తెచ్చి తర్వాత తల మీదికెత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. చైనా లిన్ వైనింగ్, హంగరీ ఎర్జెబెత్ మార్కుష్ ఇద్దరిదీ 242.5. సమానమైనప్పుడు ఒంటి బరువు తక్కువున్నవాళ్లదే పైచేయి కనుక బంగారం లిన్‌కి వెళ్లింది. క్లీన్ అండ్ జెర్క్‌లో మల్లీశ్వరికి ఇంకో ప్రయత్నం మిగిలింది. పతకం తెచ్చే 240 అప్పటికే ఆమె ఖాతాలో ఉంది. ఇంకో రెండున్నర కిలోలు చేరిస్తే ఆ ఇద్దరి సరసన నిలిచేది. ఆమె బార్ మీద 137.5 వేయించింది! ఎత్తితే 247.5, బంగారమే. ఎత్తలేకపోయింది.

ఆ లిఫ్ట్ మొత్తం చూపించు. కోత పెట్టకు, పాట వేయకు. మెడలో పతకమున్న ఫొటో అందరూ చూసిందే. ఆమె ఎలాంటి మనిషో నాకు తెలిసింది ఆ 137.5 దగ్గరే.

2000 సెప్టెంబర్ 19. నువ్వు నా కడుపులో ఉన్నావు. మీ నాయనమ్మ నన్ను నీళ్ల బిందె కూడా ముట్టుకోనిచ్చేది కాదు. రాత్రి వార్తల్లో మల్లీశ్వరిని చూపిస్తే ఆవిడే దగ్గరకొచ్చి కూర్చుంది. పాతిక కిలోల బియ్యం బస్తాలు అయిదు ఒకదాని మీద ఒకటి పేర్చినా 130 కాదని మీ నాన్న లెక్క చెబితే, ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా పొట్ట మీద చెయ్యి వేసి, 'ఆడపిల్లైతే బాగుణ్ను' అంది. ఆవిడ నోట ఆ మాట నేను విన్నది అదొక్కసారే.

మరో సంగతి. 1994, 1995లలో ప్రపంచ చాంపియన్ అయింది ఒంటి బరువు 54 కిలోలు దాటని వాళ్ల విభాగంలో. సిడ్నీలో దిగింది 69లో. ఆ మార్పు గురించి ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆడవాళ్ల వెయిట్ లిఫ్టింగ్‌ని ఒలింపిక్స్‌లో పెట్టడమే సిడ్నీలో మొదలు. అంటే ఆమె బలం నిండుగా ఉన్న ఏళ్లలో ఒలింపిక్స్‌లో ఆమెకు చోటే లేదు. ఇది చెప్పకపోతే ఆ కాంస్యం బరువెంతో ఇప్పటి పిల్లలకు అర్థం కాదు.

ఏథెన్స్ ఒలింపిక్స్ కూడా ఉంచు. 2001లో కొడుకు పుట్టాక, 2004లో మళ్లీ బార్ ముందు నిలబడింది. వెన్ను సహకరించక పోటీ పూర్తి కాలేదు. నిన్నెత్తుకుని ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

షూటింగ్‌కి ఆముదాలవలస వచ్చినప్పుడు మొదట ఆమె తొలి గురువు నీలంశెట్టి అప్పన్న గారి గురించి తెలిసిన పెద్దవాళ్లని కలువు. సిడ్నీ మర్నాటి పేపరు ట్రంకు పెట్టెలో దాచాను. మడతల దగ్గర చిరుగుతోంది, అందుకే పోస్టులో పంపడం లేదు. వచ్చి తీసుకో.

మీ అమ్మ